మా అత్త వజ్రమ్మ, ఆమె నాకుడు చేపలు

మా వాడలో నా పేరు కల్పన అని తెలిసినవాళ్లు తక్కువ. ఎక్కువమందికి నేను ‘అత్తను ఎండల కూసోబెట్టిన కోడల్ని’. కోరుట్లలో మా ఇంటినుంచి బస్టాండు దాకా నడిచిపోతుంటే ఏదో ఒక అరుగు మీదనుంచి ఆ మాట వెనకే వచ్చేది. మొదట్లో ఆగి, తిరిగి చూసి, నాలుగు మాటలు తగిలించి మరీ బస్సెక్కేదాన్ని. తర్వాత మానేశాను. మానెయ్యమని చెప్పింది కూడా మా అత్తే. ఆమె కథ చెప్పాలంటే చేపల తొట్టి సంగతి చెప్పకుండా కుదరదు. నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం పోయింది.

మా అత్త పేరు వజ్రమ్మ. పుట్టింది కథలాపూర్ దగ్గర. పలక పట్టే ఈడుకు కత్తెర పట్టింది. వాళ్లమ్మ ఒళ్లో చాట పెట్టి, తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి బీడీ చుట్టడం, దారం కట్టడం నేర్పింది. మా మామ రాజలింగం కల్లు గీసేవాడు. మా ఆయన కరుణాకర్ ఇంకా నిక్కర్లు వేసుకునే రోజుల్లో మామ తాడిచెట్టు మీదనుంచి పడి చనిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందంటే బీడీల మీదే. చుట్టేటప్పుడు ఆమె చేతుల వంక చూసుకోదు. టీవీ చూస్తుంది, వాకిలి చూస్తుంది, మన మొహం చూస్తుంది. వేళ్ల పని వేళ్లది. కార్ఖానాలో ఆమె బీడీ బాగలేదని పక్కన పడేసినవాడు లేడని ఎవరికైనా చెప్పేది. ఆమె తన గురించి గొప్పగా చెప్పుకునే మాట అదొక్కటే.

నేను తంగళ్ళపల్లి పిల్లని. మా నాయన సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. మా వీధిలో పొద్దున లేస్తే సాంచెల మోతే, ఉప్పు కావాలన్నా అరిచి అడగాలి. ఆ గొంతుతోనే కోరుట్లకు కాపురానికి వచ్చాను. వచ్చిన మొదటి రోజు మంచినీళ్లు అడిగితే, కొత్తకోడలు వస్తూనే కొట్లాటకు దిగిందనుకుని మా అత్త బెదిరిపోయిందట. ఆమె తక్కువ మాటల మనిషి. నేను అరుస్తుంటే ఊరికే చూసేది. అట్లా చూస్తూనే నా చేతికి టిఫిన్ డబ్బా ఇచ్చి జగిత్యాల బస్సెక్కించేది. అక్కడ ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. కోడలు రోజూ బస్సులో పోయి ఎవరెవరి పెళ్లిళ్లో చూసుకుంటూ కూచుంటుందని వాడవాళ్లు సాగదీస్తే, దాని పని అది చేసుకుంటుంది, నా పని నేను చేసుకుంటానని ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆ ఒక్క ముక్కకే ఆమెకు జన్మంతా దండం పెట్టవచ్చు.

పెళ్లైన రెండో ఏడు కడుపుతో ఉన్నాను. ఐదో నెలలో పోయింది. ఎందుకు పోయిందని జగిత్యాలలో డాక్టరమ్మను అడిగితే, ఒక్కోసారి ఇట్లా అవుతుందమ్మా, కారణం చెప్పలేం, ఈసారి ముందే చూపించుకో అంది. ఇంటికొచ్చి ముందర్రలో మంచం మీద పడుకున్నాను. గాలి ఆడే గది మాకు అదొక్కటే. అందులోనే నా మంచం, అందులోనే అత్త చాట, ఆకు మూట, తంబాకు డబ్బా. ఆమె చుట్టుకుంటూ నన్ను చూసేది, నేను గోడను చూసేదాన్ని. అంత నోరున్న నేను మాట్లాడడమే మానేశాను. ఆ ఇంట్లో ఆ నిశ్శబ్దం మా ఆయన తట్టుకోలేకపోయాడు.

ఆయనది అద్దాలు, అల్యూమినియం తలుపులు బిగించే పని. జగిత్యాలలో ఒక బట్టల షోరూము ముందు అద్దాలు మారుస్తుంటే, పాత అక్వేరియం ఒకటి బయట పారెయ్యబోతున్నారట. దాన్ని ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చాడు. కడుపు ఖాళీ అయిన ఇంటికి చేపలు తెచ్చినావా అని నేను లేచి మరీ తిట్టాను. ఆయన కిటికీ పక్క గట్టు మీద దాన్ని నిలబెట్టి, ఇసుక పోసి, రాళ్లు పేర్చి, నీళ్లు నింపాడు. తర్వాత తెలిసింది, చాలా రోజుల తర్వాత నా గొంతు విన్నందుకు ఆ రోజు బయటికి పోయి ఏడ్చాడట.

గప్పీలు తెచ్చి వేశాడు, రెండు గోల్డ్ ఫిష్‌లు వేశాడు. కిటికీ ఎండ తగిలి కొన్నాళ్లకే అద్దమంతా పచ్చగా పాచి పట్టింది. మా అత్త కొబ్బరి పీచుతో గీకితే చేపలన్నీ అటూ ఇటూ ఉరికేవి. నాకు చూడబుద్ధి కాక, స్టూడియో పక్క సందులో రంగు చేపల దుకాణం నడిపే జలపతన్నను అడిగాను. పాచి తినే చేపలున్నాయి తీసుకుపొమ్మన్నాడు. ఓటోలంటారట. మన జెల్లల జాతేనట గాని వేలి పొడవు కూడా పెరగవు. గోధుమ రంగు ఒళ్లు, పక్కన తోక దాకా నల్లటి గీత, నోరు కిందికి. ఒంటరిగా బతకవు, గుంపుగా ఉంచాలి. పాచి అయిపోతే ఉడికించిన బీరకాయ ముక్క వెయ్యాలి. సున్నితమైనవక్కా, జాగ్రత్త అన్నాడు. ఆ నీళ్ల కవరు ఒళ్లో పెట్టుకుని బస్సులో కూచుంటే, ఒలికితే నా సీటు నువ్వే తుడవాలని పక్కనామె ముందే చెప్పింది. నేనూ ఊరుకోలేదు. కోరుట్ల వచ్చేదాకా ఇద్దరం అదే మాట్లాడుకున్నాం.

వాటిని చూసి మా అత్త, ఇంతంత చేప ఎవరి పంటి కిందికి వస్తుందే అంది. వండడానికి కాదని చెప్తే, మరి ఎందుకు తెచ్చావన్నట్టు చూసింది. నీళ్లలో వదిలాం. చాలాసేపు రాళ్ల వెనక దాక్కుని, ఒకటి బయటికొచ్చి సరిగ్గా ఆమె మొహం ముందు అద్దానికి అతుక్కుంది. ఆ చిన్న నోరు ఆగకుండా ఆడుతూ ఉంది, అది పోయినంత మేరా పాచిలో సన్నటి దారి పడుతూ ఉంది. మా అత్త చుట్టడం ఆపింది. మొహం ఇంకా దగ్గర పెట్టింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. చప్పుడు లేకుండా భుజాలు కదిలేలా నవ్వుతుంది ఆమె. ఆమెను చూసి నాకూ నవ్వొచ్చింది. బిడ్డ పోయాక మా ఇంట్లో అదే మొదటి నవ్వు. ఆ పిడికెడు చేపలకు నేను అప్పటినుంచే రుణపడి ఉన్నాను.

నాకుడు చేపలని ఆమే పేరు పెట్టింది. గప్పీలంటే ఆమెకు లెక్కలేదు. అవి ఊరికే తోక ఊపుకుంటూ తిరుగుతాయట. ఇవి మాత్రం పొద్దస్తమానం పని చేస్తాయట, తనలాగ. అద్దానికి అతుక్కున్నప్పుడు వాటి పొట్టలు కనిపిస్తాయి. గుండ్రంగా ఉంటే తిన్నట్టు, లోపలికి పోతే ఆకలితో ఉన్నట్టు. నేను స్టూడియోనుంచి రాగానే మొదట ఆ రోజు ఎవరి పొట్ట ఎట్లా ఉందో చెప్పేది. మా ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరికింది.

అద్దం మీద పాచి అయిపోయింది. మా అత్త బీరకాయ చెక్కు తీసి, సన్నగా బిళ్లలు కోసి, ఉడికించి, తేలిపోకుండా గులకరాయికి బీడీల దారంతో కట్టి నీళ్ల అడుగున పెట్టేది. ఆ ముడి ఆమె వేస్తుంటే కంటికి ఆనేది కాదు. చుట్టే పని మధ్యలో లేచి, చీర కొంగుకు చేతులు తుడుచుకుని, మోచేతి దాకా ముంచి, ఏ చేపకు అందడం లేదో చూసి రాయి జరిపేది.

చేపలు చావడం మొదలైంది. ముందు ఒకటి, తర్వాత రెండు. జలపతన్న దగ్గరికి పోయి మళ్లీ తెచ్చాను. అవీ పోయాయి. గోల్డ్ ఫిష్‌లు, గప్పీలు మాత్రం ఏమీ కానట్టు తిరుగుతున్నాయి. నల్లా నీళ్లలో మందు ఉంటుంది, ఒక రోజు నిలవబెట్టి పొయ్యమన్నాడు జలపతన్న. పోశాం. బోరు నీళ్లు కలపమన్నాడు. కలిపాం. ఇవి దూరంనుంచి వచ్చేసరికే నీరసపడి ఉంటాయక్కా, కొన్ని నిలవవు అని తనూ బాధపడ్డాడు. మా ఆయన తొట్టి అంచుల్లో గమ్మంతా గీకి మళ్లీ పూశాడు. మా ఇంటికి రెండిళ్ల అవతలుండే సరోజన, ఆమె కూడా బీడీలే చుట్టేది, చూసి దిష్టి తగిలిందంది. మా అత్త నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చి అక్వేరియానికి కట్టింది. ఏసీ షోరూములో ఉండి వచ్చిన అక్వేరియం, పాపం, దుకాణం గుమ్మం అయిపోయింది.

ఆ రోజుల్లోనే నాకు మళ్లీ నెల తప్పింది. మా ఆయనకు ఒక్కడికే చెప్పాను. అత్తకు చెప్పకముందే తెలిసిపోయింది, పోపు వాసనకు నేను బయటికి పరుగెత్తడం చూసి. ఆ తర్వాత నీళ్ల బిందె ముట్టనివ్వలేదు. ఈసారి నిలిస్తే బోనం చేస్తానని ఎల్లమ్మకు మొక్కుకుంది. చేపల గురించి మాత్రం ఏమీ అనేది కాదు. కాని పొద్దున లేచి మొహం కడగకముందే తొట్టిలోకి చూసేది. నేను మంచం మీదనుంచి ఆమె మొహంలోకి చూసేదాన్ని. చచ్చిన చేప కనబడ్డ రోజు ఆమె నా పొట్ట వంక చూడకుండా లోపలికి పోయేది. ఇద్దరి మనసులో ఉన్నది ఒకటే. ఈ బిడ్డ నిలుస్తుందా?

కథలాపూర్‌లో ఆమె తమ్ముడు చంద్రయ్య ఇంట్లో ఎల్లమ్మ పట్నాలు వేసి కొలుపు చేస్తుంటే మా అత్త ఒక వారం అక్కడికి పోయింది. ఆ వారం చేపలకు నేనే వేశాను. దారం కట్టే ఓపిక లేక బీరకాయ ముక్కను స్టీలు ఫోర్కుకు గుచ్చి వదిలేశాను. ఒక్కటీ చావలేదు. పొట్టలు గుండ్రంగా, అద్దం నిండా అతుక్కుని ఉన్నాయి. ఆమె తిరిగొచ్చి చూసి పొంగిపోయింది. ఎల్లమ్మ దయ చూపిందనుకుంది. సంతోషంతో తనే ముక్కలు కోసి, దారం కట్టి, రాయి పెట్టి, చుట్టూ ఇసుక కూడా సర్దింది. తెల్లారేసరికి రెండు ఇసుక మీద పక్కకు ఒరిగి ఉన్నాయి.

ఆమె కొంగు నోట్లో పెట్టుకుని తొట్టి ముందు కూచుంది. నేను ఆ బీరకాయ ముక్కను బయటికి తీశాను. కడుపుతో ఉన్నప్పుడు నా ముక్కు కుక్క ముక్కులాంటిది, పక్కింట్లో ఏం కూరో చెప్పేదాన్ని. ఆ తడి దారంనుంచి గుప్పున తంబాకు వాసన కొట్టింది. ఆ దారం ఉండ ఎక్కడుంటుంది? చాటలో, తంబాకులోనే. ఆ రోజు స్టూడియోకు పోకుండా ముందు జలపతన్న దుకాణానికి పోయాను. ఇంట్లో ఎవరన్నా తంబాకు ముట్టుకుని నీళ్లలో చెయ్యి పెడతారా అని నేనే అడిగాను. ఆయన చేతిలో వల పక్కన పెట్టేశాడు. తంబాకు రసం నీళ్లలో దిగితే సున్నితమైనవే ముందు పోతాయక్కా, ఇంటింటా బీడీలు చుట్టే ఊళ్లో ఉండి నాకీ ప్రశ్న తట్టనే లేదు చూడు అని తల పట్టుకున్నాడు.

తిరుగు బస్సులో నాకు కోపం మొదలైంది. చేపల మీద కాదు. ఆ అర్ర గుర్తొచ్చింది, ఆ తంబాకు ధూళి గుర్తొచ్చింది, అందులోనే ఐదు నెలలు పడుకున్న నేను గుర్తొచ్చాను. ఎవరినన్నా పట్టుకుని తిట్టాలని ఉంది. ఎవరిని తిట్టాలి? ఆ తంబాకు చేతులే పొద్దున్నే లేచి నా డబ్బా కట్టాయి. డాక్టరమ్మ కారణం చెప్పలేమంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంటికి పోగానే నోరు జారకూడదని కోరుట్ల బస్టాండు దాకా పళ్లు బిగబట్టుకున్నాను. అంతదాకానే నా ఓపిక. గడపలో కాలు పెట్టేసరికి ఆమె మళ్లీ బీరకాయ బిళ్లకు దారం కడుతూ ఉంది.

“శెయ్యి పెట్టకు అత్తమ్మా. నీ శేతుల తంబాకుకే సస్తున్నయ్ అవి.”

ఆమె చెయ్యి అట్లాగే ఆగింది. దాన్ని తిప్పి చూసుకుంది. కొంగుతో ఒకసారి, మళ్లీ ఒకసారి తుడిచింది. జలపతన్న చెప్పిందంతా చెప్పాను. వింటున్నదో లేదో తెలియలేదు. నా వంక చూడకుండా అడిగింది.

“నీళ్లల్ల ముంచిన శెయ్యికే చేప సస్తే, గా పోయిన పానం గీ అర్రల్నే గదనె నీ కడుపుల ఉన్నది?”

డాక్టరమ్మ కారణం చెప్పలేమంది కదా, ఎవరి తప్పూ కాదు అన్నాను. ఆమె తల ఊపింది. తర్వాత చాట వంక చూస్తూ, “నాకు కరుణాకర్ కంటె ముందుగాల ఇద్దరు పోయిండ్రు. ఎల్లమ్మ తీస్కపోయిందనుకున్న,” అంది.

నాకు ఆ సంగతి తెలియదు. మా ఆయనకూ తెలియదు. బస్సులోనుంచి మోసుకొచ్చిన కోపమంతా ఎటు పోయిందో, ఆమె పక్కన నేల మీద కూచుండిపోయాను. ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆమే లేచి నాకు అన్నం పెట్టింది. పెట్టబోయి, ఆగి, చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చి పెట్టింది.

తర్వాత చెకప్‌కు పోయినప్పుడు డాక్టరమ్మను అడిగాను. పోయినదాని గురించి ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, కాని ఆ ధూళి మంచిది కాదు, దూరంగా ఉండు అంది. నేను చెప్పేదాకా మా అత్త ఆగలేదు. మాట్లాడుకున్న మర్నాడే చాట, ఆకు మూట, తంబాకు డబ్బా ఎత్తుకుని సరోజన అరుగు మీదికి మార్చేసింది. మా ఆయన ముందర్ర కడిగి సున్నం వేశాడు.

సరోజన అరుగుకు మధ్యాహ్నం తిరిగితే ఎండే. పొద్దుగూకేదాకా అక్కడే చుట్టుకునేది. ఇంటికొచ్చి, వాకిట్లో దండెం మీద వేసిపెట్టుకున్న చీర తీసుకుని, బయటి బాత్రూములో తలమీదనుంచి నీళ్లు పోసుకుని, బట్టలు మార్చుకున్నాకే గడప దాటేది. చలికాలమంతా అట్లాగే చేసింది. నేను నీళ్లు వేడి చేసి పెట్టేదాన్ని, ఒక్కోరోజు నేను రావడం ఆలస్యమైతే చన్నీళ్లే పోసుకునేది. చూసేవాళ్లకు ఏం కనిపిస్తుంది? కడుపుతో ఉన్న కోడలు అత్తను పగలంతా బయట కూచోబెట్టింది, రాగానే చావింటినుంచి వచ్చినదానికి చేయించినట్టు స్నానం చేయిస్తుంది. నా పేరు అట్లా పడింది.

ఎందుకు పోతున్నావో వాళ్లకు చెప్పరాదా, నన్నెందుకు తిట్టిస్తావని ఒకరోజు ఆమె మీదికి లేచాను. ఆ అరుగు మీద ఆమెతో కూచునే ఆడవాళ్లందరికీ పిల్లలున్నారు, కొందరికి ఒళ్లోనే ఉన్నారు.

“గా మాట నేను జెప్తె ఆళ్లు రేపటిసంది ఏం జేస్కొని బతుకుతరు? నిన్నంటె అననియ్యి బిడ్డా. నువ్వు గట్టిదానివి,” అంది.

నన్ను గట్టిదానివన్నది ఆమె ఒక్కతే. మిగతావాళ్లు గయ్యాళి అన్నారు. అప్పటినుంచి అరుగుల మీద మాటలకు జవాబివ్వడం మానేశాను. తర్వాత చూస్తే ఆ అరుగు మీద పసిపిల్లల ఊయల లోపలింట్లోకి మారింది. ఎండ పొడ తగులుతుందని చెప్పి మా అత్తే మార్పించిందట.

తొట్టిలో మాత్రం ఆమె మళ్లీ చెయ్యి పెట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, రెండడుగుల దూరంలో నిలబడి చూసేది. ఏ చేప పొట్ట పలచబడిందో నాకు చెప్పేది, నేను ఫోర్కుతో వేసేదాన్ని. నీళ్లు మార్చి, ఇసుక కడిగి, జలపతన్న దగ్గర మళ్లీ ఒక గుంపు తెచ్చాను. ఈసారి నిలిచాయి. ఐదో నెల వచ్చింది, గడిచింది. ఆరో నెలా గడిచింది. ఏడో నెలలో మా అమ్మానాయన వచ్చి నన్ను తంగళ్ళపల్లి తీసుకుపోయారు.

నేనక్కడ ఉండగానే మా ఆయన ఫోన్లో చెప్పాడు, అమ్మ ఆకూ తంబాకూ కార్ఖానాలో తిరిగిచ్చేసిందని, బస్టాండు దగ్గర కర్రీ పాయింటులో కూరగాయలు కోయడానికి పోతున్నదని. నేను నమ్మలేదు. అంత పేరున్న చెయ్యి ఉల్లిగడ్డలు కోస్తుందా? ఫోన్ ఇమ్మన్నాను. ఉల్లిగడ్డకు కండ్లు మండుతున్నాయి, మిగతాదంతా మంచిగనే ఉందని చెప్పి, తిన్నావా అని అడిగి పెట్టేసింది. ఎందుకు మానేశావని మళ్లీ ఫోన్ చేసి అడిగితే, ఇక చాలంది.

సిరిసిల్లలో నాకు బిడ్డ పుట్టింది. వార్డంతా దద్దరిల్లేలా ఏడ్చింది. తంగళ్ళపల్లి గొంతే అని మా నాయన మురిసిపోయాడు. మా ఆయనతో పాటు అత్త బస్సులో వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, మెడ సాచి చూసి, కళ్లు తుడుచుకుంది. మా అమ్మ బిడ్డను చేతికివ్వబోతే, బస్సు దుమ్ముతో ఉన్నానని వెనక్కి జరిగింది. తొట్టెల నాడు, బిడ్డను ఉయ్యాలలో వేసిన రోజు కూడా అంతే. తెచ్చిన వెండి గజ్జెలు నా చేతికిచ్చి, పది మంది వెనక నిలబడింది. ఆడపిల్ల అని ముట్టడం లేదేమోనని మా అమ్మ మనసు కష్టపెట్టుకుంది. మా అత్త అట్లాంటిది కాదని అమ్మతో కొట్లాడాను గాని, లోపల నాకూ ముల్లు గుచ్చుకుంది.

మూడో నెలలో కోరుట్లకు వచ్చాం. మా వాడలో పసిపిల్లలకు నీళ్లు పోయాలంటే మొదట తలుచుకునేది మా అత్తనే. పీట మీద కాళ్లు చాపుకుని కూచుని, పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె పెట్టి రుద్ది, వేడినీళ్లు పోస్తుంటే, ఎంత ఏడ్చే పిల్లలైనా ఆమె కాళ్ల మీదే కునికేవాళ్లు. సరోజన మనవలందరికీ ఆమే పోసింది. మరి సొంత మనవరాలికి? నీళ్లు కాగబెట్టింది, నూనె గిన్నె పెట్టింది, పీట వేసింది. వేసి, సరోజన కోడలు, మిషను కుట్టే అమ్మాయి, ఆమెను పిలుచుకొచ్చింది. మొదటి రోజు ఆ అమ్మాయి పోసింది. రెండో రోజు పోసింది. ఆ తర్వాత ఆమెకు పుట్టింటికి పోయే పని పడింది. నువ్వు పొయ్యి అత్తమ్మా అంటే, భుజం నొస్తుందంది. ఇంక నా వల్ల కాలేదు. వాడలో అందరి పిల్లలకూ పోసినదానివి నా బిడ్డకు పోయవా, ఆడపిల్లనా అని గట్టిగా అనేశాను. వీధి చివరిదాకా వినబడే ఉంటుంది.

ఆమె దెబ్బ తిన్నట్టు చూసింది. తర్వాత రెండు చేతులూ నా ముందు చాపింది.

“నూనె పెట్టి రుద్దితె గీ శేతులది దాని పెయిలకు పోదా? చిన్నప్పటిసంది ముట్టిన తంబాకు. నీళ్లతోని పోతదానె?”

ఆ వేళ్లు అప్పుడు చూశాను సరిగ్గా. చర్మం పగిలి, అక్కడక్కడ ఎర్రగా అయి ఉంది. కూరగాయలు కోసి అట్లా అయిందనుకున్నాను. కాదు. నిమ్మచెక్క పెట్టి రుద్దుకుంటున్నదట, చింతపండు పెట్టి రుద్దుకుంటున్నదట, గిన్నెలు తోమే సబ్బుతో రుద్దుకుంటున్నదట. తంబాకు మానేసిన నాటినుంచి రోజూ అదే పని. అందుకే మానేసింది కూడా. మనవరాలు వచ్చేసరికి చేతులు శుభ్రం కావాలని. ఇన్ని నెలలు నా కోసం ఎండలో కూచున్న మనిషిని నేను ఏమన్నానో నాకు అప్పుడు తెలిసింది.

ఏం కాదు అత్తమ్మా అంటే నమ్మదు, నేను ఊరడించడానికి చెప్తున్నాననుకుంటుంది. డాక్టరమ్మ చెప్పినా అట్లాగే అనుకుంటుంది. ఆమె ఎవరి మాట నమ్ముతుందో నాకు తెలుసు. మణికట్టు పట్టుకుని అక్వేరియం దగ్గరికి లాక్కుపోయాను. చెయ్యి పెట్టమన్నాను. వద్దే, పాపం, బతికున్నయ్ కూడా సస్తయ్ అని వెనక్కి గుంజుకుంది. నేను వదల్లేదు. చేపలు చస్తే బిడ్డకు జన్మంతా నేనే నీళ్లు పోసుకుంటాను, చావకపోతే నువ్వు పోయాలి అన్నాను.

కళ్లు మూసుకుని మణికట్టు దాకా ముంచింది. గప్పీలు వచ్చి వాసన చూసి పోయాయి. నాకుడు చేపలు రాళ్ల వెనక దాక్కున్నాయి. చాలాసేపటికి ఒకటి బయటికొచ్చింది. అద్దం దాకా పోయి, తిరిగి, నేరుగా వచ్చి ఆమె బొటనవేలి పక్కన అతుక్కుని నాకడం మొదలుపెట్టింది. మా అత్త కళ్లు తెరిచింది. కితకితలైతున్నయే అని మెల్లగా అంది. చెయ్యి మాత్రం తియ్యలేదు. అది తన పని ముగించుకుని పోయేదాకా అట్లాగే వంగి నిలబడింది. ఆ రోజు బిడ్డకు నేనే నీళ్లు పోశాను. సరిగ్గా రాకపోయినా పోశాను, అది గుక్కపట్టి ఏడ్చింది. ఆమె వంటింట్లో చెవులు మూసుకుంది గాని ఇవతలికి రాలేదు.

తెల్లారి లేచేసరికి ఆమె తొట్టి ముందు గొంతుక్కూచుని ఉంది. లైటు వేసి ప్రతి రాయి వెనకకూ తొంగి చూస్తూ, పెదాలు కదుపుతూ లెక్కపెడుతూ ఉంది. ఒకసారి పెట్టి, మళ్లీ మొదటినుంచి పెట్టింది. నేను బిడ్డనెత్తుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. చేప అన్నాక ఊరికే కూడా చస్తుంది, ముసలిదై కూడా చస్తుంది. పందెం కాసేటప్పుడు ఆ ఆలోచన నాకెందుకు రాలేదు? ఒక్కటి తేలినా ఆమె ఈ జన్మలో నా బిడ్డను ముట్టదు. ఎల్లమ్మా, జలపతన్నా, ఎవరెవరో గుర్తొచ్చారు, అందరికీ మొక్కుకున్నాను.

ఆమె లేచింది. నా వంక చూడకుండా నన్ను దాటుకుని వంటింట్లోకి పోయి పొయ్యి మీద నీళ్లు పెట్టింది. నూనె గిన్నె వెచ్చచేసింది. బాత్రూములో పీట వేసిన చప్పుడు, బకెట్టులో నీళ్లు కలిపిన చప్పుడు వినిపించాయి. నేను అట్లాగే నిలబడి ఉన్నాను. పోయి చూస్తే, చీర మోకాళ్ల పైకి చెక్కుకుని, కాళ్లు చాపుకుని కూచుని, అరచేతుల్లో నూనె పోసుకుని రెండు చేతులూ రుద్దుకుంటూ ఉంది.

“నీళ్లు సల్లారుతున్నయ్. బిడ్డను తే,” అంది.